ఎగిరెడి పలకకు ఆయువుపట్టు

తెరచాప గట్టిన పలకపై నిలిచి గాలిబలమున నీటిపై దూసుకొనిపోవు విండ్‌సర్ఫింగ్ క్రీడ 1984 నాటి లాస్ ఏంజిలెస్ ఒలింపిక్సులోనే ప్రవేశించినది గాని, ఆ పలక నీటిని విడిచి గాలిలోనికి లేచి పరుగెత్తుటను ఒలింపిక్ ప్రేక్షకులు తొలిసారిగ జూచినది 2024లో, పారిస్ క్రీడలలో భాగముగ మార్సెయ్ తీరమున జరిగిన పందెములలోనే. ఐక్యూఫాయిల్ అను ఆ తరగతి పలకకు అడుగున 95 సెంటీమీటర్ల స్తంభము, దాని కొసను ముందొకటి వెనుకొకటిగ రెండు రెక్కలుండును. వేగము హెచ్చినకొలది ఆ రెక్కలు నీటిలో ఊర్ధ్వబలమును పుట్టించి పలకను, మనిషిని, తెరచాపను సైతము పైకెత్తును. ఈ ఏర్పాటునకే ఫాయిల్ అని పేరు. స్తంభపు తల పలకలోనికి దిగి బిగిసికొను చోటు ఒక చిన్న పెట్టె. పలక ఆయుర్దాయము ఆ పెట్టెయొక్క గట్టిదనముపైననే ఆధారపడియున్నదని నా దృఢమైన అభిప్రాయము.

పందెపు పలకలలో తఱచుగ కానవచ్చునది డీప్ టటిల్ అను రకము. కాలిఫోర్నియాకు చెందిన లారీ టటిల్ పేరిట వెలసిన పెట్టెకు ఇది లోతు పెంచిన రూపము. దాని ముందు వెనుక గోడలు పైకి పోనుపోను ఒకదానికొకటి చేరువగునట్లు ఏటవాలుగ నుండును. పలక పైభాగమునుండి దిగిన రెండు బోల్టులు స్తంభమును లోనికి లాగినకొలది అది ఆ గోడల నడుమ, గొడ్డలికన్నులో కామ వలె, కదలక బిగిసికొనును. ఇక ఆ పెట్టె మోయు భారమెంతయో చూడుడు. రెక్కకు ప్రక్కగ 20 కిలోల బలము తగిలినదనుకొందము. 90 సెంటీమీటర్ల దూరమునుండి పనిచేయు ఆ బలమును 7 సెంటీమీటర్ల లోతుగల పెట్టె ఎదుర్కొనవలసివచ్చినచో, తులాదండ సూత్రము ననుసరించి, దాని పై అంచునను క్రింది అంచునను 250 కిలోలకు మించిన ఒత్తిడి పడును; అదియు ఒక్కమారు గాదు, అల తగిలిన ప్రతిసారియు, అటునిటు దిశ మారుచు. పొట్టి ఫిన్ అను అడుగురెక్క కొరకు చేసిన పాత పలకలకు ఫాయిల్ తగిలించినపుడు పెట్టె బీటలు వారుటలో వింత యేమున్నది!

బీట కంటికి కనబడకముందే చేతికి తెలియును. పలకను బోర్లించి, ఒకరు రెక్కకొసను మెల్లగ నూపుచుండగా వేరొకరు పెట్టె అంచు కలియుచోట వ్రేలుంచినచో, వెండ్రుకవాసి కదలిక యున్నను స్పర్శకు అందును. ఆ సందుననే ఉప్పునీరు లోనికి జొచ్చును. పలక గర్భము సాధారణముగ థర్మోకోల్ జాతి నురుగు. దాని గింజల నడుమ చేరిన నీరు ఒకనాట వెలికిరాదు. మంచినీట కడిగి, పెట్టె నోరు క్రిందికి వచ్చునట్లు నీడలో నిలిపి, బరువు తగ్గుట ఆగువరకు తూచుచుండవలెను. మండుటెండలో పెట్టుట తగదు. లోని గాలి వ్యాకోచించి పైపొరలను విడదీయును.

బీటలో జిగురు పోసి మూయుట మరమ్మతనిపించుకొనదు. పగిలిన పెట్టెను రౌటరుతో పూర్తిగ తొలచి తీసి, ఆ చోట దట్టమైన పి.వి.సి. నురుగు దిమ్మను పలక పైతట్టునుండి అడుగుతట్టువరకు అతికి, అందులో క్రొత్త పెట్టెను గాజునార చుట్టి కూర్చవలెను. పై పొర, క్రింది పొర, దిమ్మ ఏకమైనపుడే భారము పలకయంతట వ్యాపించును. నిజమైన బలవర్ధనమన్న నిదియే, తక్కినవన్నియు అలంకారములు. నాలుగు బోల్టులతో పళ్లెమును బిగించు జంటపట్టాల పద్ధతికి మార్చుకొన్నను ఈ నియమము తప్పదు. పాలియెస్టర్ రెజిన్‌లోని స్టైరీన్ థర్మోకోల్‌ను కరిగించివేయును గనుక ఎపాక్సీనే వాడవలెను. అదియైనను ఒక్కసారిగ మందముగ పోసినచో తన వేడిమికే తాను మరిగి చుట్టునున్న నురుగును కుదించును. కావున సిలికా పొడి కలిపి కొంచెము కొంచెముగ నింపుట మంచిది. కార్బన్ నారను రాచునపుడు లేచు ధూళి ఊపిరితిత్తులకు హానికరము. ముసుగు లేనిదే ఆ పనికి పూనుకొనరాదు.

పనియంతటిలోను సున్నితమైనది పెట్టెను నిలువుగ నిలుపుట. స్తంభపు తలకు మైనము పూసి పెట్టెలో బిగించి, రెక్కల రెండు కొసలనుండి పలక రెండంచులకు గల దూరములను టేపుతో కొలిచి, అవి సమానమైన పిమ్మటనే జిగురును గట్టిపడనీయవలెను. ఇచట జరిగిన స్వల్పదోషము పలకను ఎల్లకాలము ఒకవైపునకే లాగుచుండును.

వారము దినములు ఆరనిచ్చిన పిదప స్తంభపు తలకు సుద్ద రాసి, దింపి, తీసి చూడవలెను. రెండు ఏటవాలు గోడలపైనను సుద్ద సమముగ అంటినచో పొందిక కుదిరినట్లే. ఒకచోటనే అంటినచో ఆ తలనే సన్నని గరుకుకాగితముతో రుద్దవలెను గాని పెట్టెను తాకరాదు. తొలిపర్యాయము తేలికగాలిలో వెడలి, ఒడ్డు చేరగనే బోల్టులు విప్పి, పెట్టెను మంచినీట కడిగి, అంచు చుట్టును వ్రేలిగోటితో తడవి చూడుడు. గోరు ఎచటనైన చిక్కినచో ఆ పలకను మరల నీట దింపక, నీడలో ఆరబెట్టి, పైన చెప్పిన విధముననే మరమ్మతు చేయవలెను.