టెస్ట్ ట్యూబ్ గర్భము – తొలి స్కానింగ్ కొలతలు

మంథని వంటి పట్టణముల నుండి కరీంనగరానికో, హైదరాబాదుకో వెళ్లి, టెస్ట్ ట్యూబ్ పద్ధతిలో గర్భము ధరించి వచ్చు స్త్రీలు నేడు అరుదు కాదు. ఎంతో వ్యయప్రయాసలతో నిలిచిన గర్భము కనుక ఇంటిల్లిపాది చూపు తొలి స్కానింగ్ కాగితముపైననే ఉండును. లెక్క ప్రకారము 7 వారములు నిండగా, కాగితములో "పొడవు 8 మి.మీ., వయస్సు 6 వారముల 5 రోజులు" అని ఉన్నచో కలవరము మొదలగును.

సామాన్య గర్భములో అండము ఏనాడు విడుదలైనదో తెలియదు. అందుచే శిశువు తల నుండి పిరుదుల వరకు గల పొడవును కొలిచి గర్భము వయస్సును అంచనా వేయుదురు. 1973లో గ్లాస్గో వైద్యుడు రాబిన్సన్ చూపిన మార్గమిది. టెస్ట్ ట్యూబ్ గర్భములో లెక్క తలక్రిందులగును. వయస్సు ముందే తెలియును. పొడవు పెరుగుదలను తెలుపును. అయిదు రోజుల పిండమును గర్భాశయములో ఉంచిన నాటికే గర్భము వయస్సు 19 రోజులు. మరి 30 రోజులకు 7 వారములు నిండును. అప్పుడు పొడవు సుమారు 10 మి.మీ. ఉండవలెను. తక్కువైనంత మాత్రాన కాన్పు తేదీని వెనుకకు జరుపరాదు.

ఇట్టి 976 గర్భములను పరిశీలించిన అమెరికా వైద్యులు 2007లో ఒక విషయము ప్రకటించిరి. తొలి మాసములలో శిశువు ఒక రోజు పెరుగుదల మేర పెద్దగా ఉన్నచో పుట్టుక బరువు సగటున 28 గ్రాములు అధికము. అనగా రెండు రోజుల తేడాకు అరవై గ్రాములైనను లేదు! పైగా ఒకటి రెండు మి.మీ. తేడా కొలుచుటలోనే రావచ్చును. వారము, పది రోజుల తరువాతి రెండవ కొలతయే ముఖ్యము. రోజుకు సుమారు 1 మి.మీ. పెరిగినచో నిశ్చింతగా ఉండవచ్చును. అయితే 7 మి.మీ. దాటియు గుండె చలనము లేకున్నచో వైద్యుని మాటను కాదనుకొని కాలయాపన చేయరాదు. రక్తస్రావము, తీవ్రమైన కడుపునొప్పి ఉన్నచో వెంటనే ఆసుపత్రికి వెళ్లవలెను.

గుండె నాల్గవ మాసమున వ్యక్తమగునని సుశ్రుతుడు చెప్పెను. నేటి యంత్రము ఆరవ వారముననే దాని చలనమును చూపుచున్నది. చరకుడు మొదటి మాసమునకు ఔషధములు కలుపని పాలు చెప్పెను. శిశువు పెరుగుటకని కషాయములు, చూర్ణములు త్రాగించువారు దీనిని గమనింపవలెను. వైద్యులిచ్చిన ప్రొజెస్టిరాన్, ఫోలిక్ ఆమ్లము మాత్రలను సొంతముగా మానరాదు.

స్థానికముగా స్కానింగ్ తీయించుకొనునపుడు పిండమును ఉంచిన తేదీ, ఆనాటికి దాని వయస్సు వ్రాసిన కాగితమును తప్పక వెంట తీసుకొని పోవలెను.