వాగు పద్దు చదివే సభ

నది బాగు కోసం మన దగ్గర జరిగే కార్యక్రమాలు దాదాపు అన్నీ ఒడ్డు మీదే జరుగుతాయి. రేవులు ఊడుస్తారు, ప్లాస్టిక్ ఏరతారు, గట్టు వెంట మొక్కలు నాటుతారు, సాయంత్రం హారతి ఇస్తారు. వీటిలో ఏదీ వ్యర్థం కాదు. ఏరిన ప్రతి సంచీ చెత్తా నీళ్లలో కలవకుండా ఆగినట్టే. అయితే రాయలసీమలోనూ, పాలమూరు, నల్లగొండ మెట్ట ప్రాంతాల్లోనూ చాలా వాగులకు పట్టిన అసలు జబ్బు నీళ్లు లేకపోవడం. ఆ జబ్బు ఒడ్డుకు దూరంగా, పొలాల్లో, బోర్ల కింద మొదలైంది. కాబట్టి మందు కూడా అక్కడే వేయాలి. ఒక వాగు పరీవాహకంలోని ఊళ్లన్నీ ఏటా ఒకరోజు ఒకచోట కూర్చుని, కురిసిందెంత, ఇంకిందెంత, తోడబోయేదెంత అని అందరి ముందూ లెక్క చదువుకోవడం కంటే నదికి మేలు చేసే సామూహిక కార్యక్రమం మరొకటి లేదని నా వాదన.

వాన వెలిసి వారాలు గడిచినా వాగు పారుతోందంటే ఆ నీళ్లు నేలలోంచి ఊరుతున్నవే. భూగర్భజల మట్టం వాగు అడుగు కంటే పైన ఉన్నంత కాలం చుట్టుపక్కల పొలాల కింది నీరు మెల్లగా వాగులోకి దిగుతూ ఉంటుంది. మట్టం అంతకంటే కిందికి పోయిందా, వ్యవహారం తారుమారవుతుంది. పైనుంచి వచ్చిన కాస్త ప్రవాహాన్నీ ఇసుక తాగేస్తుంది. ఒకప్పుడు చేత్తో తవ్వితే నీరూరిన చెలమలు కూడా ఎండిపోతాయి. పెన్నా, చిత్రావతి, పాపాఘ్ని లాంటి నదులు పారే నేల చాలావరకు గట్టి రాతి నేల. పైనున్న శిథిల శిల పొరలోనూ, దాని కింది పగుళ్లలోనూ తప్ప అక్కడ నీళ్లు నిలవడానికి చోటు లేదు. ఆ కొద్ది నిల్వే బోరుకూ ఆధారం, నదికీ ఆధారం. బోర్లు తోడేది ఒక ఖాతాలో, నది పారేది మరో ఖాతాలో అనుకోవడమే మనం చేస్తూ వచ్చిన పెద్ద పొరపాటు.

ఆ ఖాతా ఎంత చిన్నదో ఒక ఉదాహరణ లెక్కలో చూద్దాం. పది చదరపు కిలోమీటర్ల వాగు పరీవాహకం ఉందనుకోండి, అంటే సుమారు 2,470 ఎకరాలు. ఏడాదికి 500 మిల్లీమీటర్ల వాన పడితే కురిసిన నీరు 50 లక్షల ఘనపు మీటర్లు. రాతి నేలల్లో అందులో ఇంకేది ఇంచుమించు పదో వంతే కాబట్టి నేలకు జమపడేది 5 లక్షలు. వరి పైరుకు మొత్తం మీద 1,200 మిల్లీమీటర్ల నీరు పెట్టాలి. ఎకరాకు దాదాపు 4,850 ఘనపు మీటర్లు. ఆ ఏడాది ఇంకిన నీళ్లన్నీ బోర్లతో తోడి వరికే పెట్టినా సుమారు వంద ఎకరాలకే సరిపోతాయి. మడిలోంచి కొంత నీరు తిరిగి ఇంకుతుంది, నిజమే. కానీ తాగునీరు, పశువులు, చెట్లు, వాగు వాటాలు ఈ లెక్కలోకి ఇంకా రానేలేదు. అదే నీటితో వేరుశనగ లాంటి ఆరుతడి పంటలైతే రెట్టింపు కంటే ఎక్కువ విస్తీర్ణం పండుతాయి. ఈ అంకెలు చూశాక ఎవరికీ ఉపన్యాసం అక్కర్లేదు.

ఇలాంటి లెక్కను రైతులే వేసుకోగలరని తేల్చిన ప్రయోగం మన నేల మీదే జరిగింది. 2003 తర్వాత కొన్నేళ్లపాటు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు కరవు జిల్లాల్లో, ఆరు వందలకు పైగా పల్లెల్లో, నెదర్లాండ్స్ నిధులతో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో రైతుల భూగర్భజల నిర్వహణ ప్రాజెక్టు నడిచింది. మండలాల హద్దులు పక్కనపెట్టి, చిన్న చిన్న వాగుల పరీవాహకాలనే యూనిట్లుగా తీసుకున్నారు. పొద్దున ఎనిమిదిన్నరకు వర్షమాపకంలో ఎంత పడిందో చూసి రాయడం, పదిహేను రోజులకోసారి ఎంచుకున్న బోర్లలోకి టేపు దింపి నీళ్లు ఎన్ని మీటర్ల లోతున తగిలాయో కొలవడం, మోటారు నీళ్లు ఎంత పోస్తున్నాయో చూడడం అన్నీ రైతులే చేశారు. వాళ్లలో మహిళలూ ఉన్నారు. ఊళ్లో నలుగురూ చూసే బోర్డు మీద ఆ అంకెలు ఎక్కేవి. రబీకి ముందు ఆ వాగు ఊళ్లన్నీ నీటి బడ్జెట్ సదస్సుకు చేరేవి. ఏ ఊరు ఏ పంట ఎన్ని ఎకరాల్లో వేయాలనుకుంటోందో అడిగి, దానికి కావలసిన నీటినీ ఉన్న నీటినీ పక్కపక్కన పెట్టి చూపించేవారు. తర్వాత ఏం వేయాలన్నది ఎవరికి వారే తేల్చుకునేవారు.

బలవంతం లేని సదస్సుతో ఏం ఒరుగుతుంది అనేది మొదటి అభ్యంతరం. 2010లో ప్రపంచ బ్యాంకు వెలువరించిన అధ్యయనం ప్రకారం, ఈ యూనిట్లలో 42 శాతం రబీలో తోడే నీటిని మూడేళ్లపాటు వరుసగా తగ్గించుకున్నాయి. 51 శాతం కొన్నేళ్లలో తగ్గించాయి. పెరిగింది 7 శాతంలోనే. ఇది త్యాగబుద్ధితో జరిగింది కాదు. కరెంటు ఉచితమైన చోట మోటారు ఆపమని రైతుకు చెప్పే బిల్లు ఉండదు. నీరు చాలదన్న సంగతి పైరు పొట్టకొచ్చినప్పుడు, బోరు గాలి పోసినప్పుడు తెలుస్తుంది. అప్పటికి పెట్టుబడి మట్టిలో కలిసిపోయి ఉంటుంది. అదే సంగతి విత్తనం కొనకముందే తెలిస్తే రైతు తన లాభం కోసమే పంట మారుస్తాడు. దానివల్ల మిగిలిన నీరు వాగుకూ దక్కుతుంది.

నేను తగ్గిస్తే పక్కవాడి బోరు తోడుకుంటుంది కదా అనేది ఇంతకంటే గట్టి ప్రశ్న. లెక్క ఒక్కటే దీన్ని పూర్తిగా తీర్చదు. కానీ లెక్క లేకుండా కట్టుబాటు నిలవదు. మహారాష్ట్రలోని హివరే బజార్‌లో గ్రామసభ ఏటా వానను బట్టి పంటలు నిర్ణయిస్తుంది. సేద్యానికి బోర్లు, చెరకు వద్దని కట్టుబాటు చేసుకుంది. రాజస్థాన్‌లోని అల్వర్ జిల్లాలో జోహడ్‌లనే వాననీటి కుంటలు కట్టుకుని అర్వరీ నదిని మళ్లీ పారించుకున్న సుమారు 70 గ్రామాలు 1990ల చివర్లో ఏకంగా నదీ సంసద్‌ను ఏర్పాటు చేసుకున్నాయి. అందరికీ తెలిసిన అంకె ముందున్నప్పుడే ఒకరినొకరు అడిగే హక్కు వస్తుంది.

ప్రాజెక్టు డబ్బు ఆగిపోతే సదస్సూ ఆగిపోతుందనే మాటను నేను కాదనలేను. మన దగ్గర చాలాచోట్ల అదే జరిగింది. వచ్చిన ఫలితంలో మంచి వానల వాటా ఎంత అని ప్రశ్నించిన పరిశోధకులూ ఉన్నారు, ఆ ప్రశ్న న్యాయమైనదే. అయితే ఇది ఆ పద్ధతిని వదిలేయడానికి కారణం కాదు. దాన్ని ప్రాజెక్టుల చేతిలోంచి తీసి పంచాయతీకి అప్పగించడానికి కారణం. వర్షమాపకం, టేపు, బోర్డు ఏ పంచాయతీకీ మోయలేని ఖర్చు కావు. కేంద్రం 2019లో ప్రారంభించిన అటల్ భూజల్ యోజన ఏడు రాష్ట్రాల పంచాయతీల్లో నీటి బడ్జెట్‌ను తప్పనిసరి పనిగా పెట్టింది. ముందుగా దారి వేసిన తెలుగు నేల ఆ ఏడింటిలో లేకపోవడం బాధాకరం.

ఇక పట్నాల మురుగుతో, ఫ్యాక్టరీల రసాయనాలతో నిండిన మూసీ లాంటి నదిని ఏ ఊరి సభా బాగుచేయలేదు. అది ప్రభుత్వం చట్టంతో, శుద్ధి కేంద్రాలతో చేయాల్సిన పని. మెట్ట వాగుల విషయంలోనూ ప్రభుత్వం తప్పుకోవడానికి లేదు. వరికి ఖాయంగా కొనుగోలు కేంద్రం ఉండి, జొన్నకూ కందికీ అంత భరోసా లేకపోతే, లెక్క తెలిసిన రైతు కూడా వరే వేస్తాడు. ఆ భరోసా అడగడానికి సైతం ఊరి దగ్గర అంకెలుండాలి. అందుకే అక్టోబరులో, రబీ విత్తనం కొనకముందు, ప్రతి వాగు పరీవాహకంలోనూ పంచాయతీలన్నీ కలిసి ఒక్కరోజు ఈ సభ పెట్టాలి. మొక్కలు నాటడం, ఒడ్డు శుభ్రం చేయడం ఆ రోజే చేసుకోవచ్చు. కానీ సభ ముగిసేలోపు ఏ ఊరు ఎంత తోడుకుంటుందో, వాగుకు ఎంత వదులుతుందో బోర్డు మీద రాసి ఉండాలి. మరుసటి ఏడు సభ మొదలయ్యేది ఆ అంకెను సరిచూడడంతోనే.