నడుమ నిలిచిన మనిషి

వర్ని, రుద్రూరు వైపు నుండి నగరానికి వెళ్ళి కంప్యూటరు కంపెనీలో చేరిన యువకుడొకడు పండుగకు ఇంటికి వచ్చి, తన ఉద్యోగం ‘డెవలపర్ రిలేషన్స్’ అని చెప్పినాడనుకొందాం. అదేమి పనియో పెద్దలకు బోధపడదు. నిజానికి అది మనకు కొత్త పని కాదు, కొత్త పేరు మాత్రమే.

ఒక కంపెనీ డబ్బు చెల్లింపులకో, పటాలు చూపడానికో ఒక సాధనాన్ని తయారు చేస్తుంది. ఇతర ప్రోగ్రామర్లు దానిని తమ ప్రోగ్రాములకు జోడించుకొని, దాని ఆధారంగా సొంత వ్యాపారం నిలుపుకొంటారు. వారికి ఆ సాధనాన్ని నేర్పడం, నమూనాలు వ్రాసి చూపడం, వారి చిక్కులను కంపెనీకి చేరవేయడం ఈ ఉద్యోగి విధి.

ఇట్టి మనిషిని చెరకు సీమ ఎన్నడో ఎరుగును. మంజీరపై నిజాంసాగరు నిర్మాణం 1931లో ముగిసింది. 1937లో బోధనులో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. యంత్రాలుంటే చాలదు, చుట్టూ చెరకు పండవలె. ఏ రకం నాటవలెనో, ఎప్పుడు నరకవలెనో చెప్పడానికి రైతుకూ ఫ్యాక్టరీకీ నడుమ తిరిగే ఉద్యోగి ఒకడు కావలె.

ఈ పనిలో మొదటి పాఠం నాకు ఒక రైతు నేర్పినాడు. కొత్త వంగడాన్ని గూర్చి నేను చేసిన ప్రసంగం విని, ‘‘మంచిగ చెప్పిండ్రు సార్, గని విత్తనం యాడ దొరుకుతది?’’ అని అడిగినాడు. నా వద్ద సమాధానం లేదు. గుణాలన్నీ వర్ణించినాను గాని, వినేవాడు వేయవలసిన మొదటి అడుగు చెప్పలేదు. ప్రోగ్రామరుకైనా కావలసినది పొగడ్త కాదు, ఆ మొదటి అడుగే.

రెండవది, మాట రెండు వైపులా నడవవలె. నరికిన చెరకు ఆలస్యమైన కొద్దీ చక్కెర కోల్పోతుంది. బండ్లు గేటు వద్ద నిలిచిపోయినవన్న వార్త లోపలికి చేరకపోతే, బయట ఎన్ని సభలు జరిపినా ఫలమేమి? సభలను లెక్కించడం సులభం. నమ్మకాన్ని లెక్కించడం కష్టం. అందువలననే యాజమాన్యాలు తరచు మొదటిదానినే కొలుస్తవి.

మూడవది కఠినమైనది. 2015 డిసెంబరులో బోధను ఫ్యాక్టరీ లే-ఆఫ్ ప్రకటించి మూతపడింది. రైతులు దూరపు ఫ్యాక్టరీల వైపు చూడవలసి వచ్చింది. 2023 ఫిబ్రవరిలో ట్విట్టరు సంస్థ ప్రోగ్రామర్లకు అంతవరకు ఉచితంగా ఇచ్చిన ప్రవేశాన్ని నిలిపివేయనున్నట్లు ప్రకటించింది. దానిని నమ్ముకొని పని సాగించినవారికి నిలిచిన పంట వంటి చిక్కే వచ్చింది.

ఇట్టి నిర్ణయాలు నడుమ ఉన్న మనిషివి కావు. అయినా ఊరిలో ఎదురుపడి ప్రశ్నించబడేవాడు అతడే. కనుక అతడు తన చేతిలో లేనిదానికి హామీ ఇవ్వరాదు, తెలిసిన చెడువార్తను దాచరాదు. రైతుకు ఒక సీజను ముందుగా తెలిసిన చేదు నిజం, కోతనాడు తెలిసిన తీపి మాట కన్న మేలు.