చెంబు మూతి గుండ్రముగా ఎందుకు గీయరాదు?

బాలలారా, చెంబును ఎదుట నుంచుకొని గీయు క్రొత్తవాడు దాని మూతిని పూర్ణవృత్తముగా గీయుటకు కారణము, అది గుండ్రమని మనస్సునకు ముందే తెలిసియుండుట. కన్ను చూపు దీర్ఘవృత్తమును ఆతని చేయి నమ్మదు. చెంబును కంటి ఎత్తునకు లేపుడు: మూతి సరళరేఖయగును; దించినకొలది విచ్చుకొనును.

ఒక కన్ను మూసి, చేయి చాచి, పెన్సిలుపై బొటనవ్రేలితో ఎత్తు వెడల్పులను కొలిచి, తేలికగీతలతో ఆరంభింపుడు. దినమునకు పావుగంట చాలును. ఏలయన, చూపు అలసినచో చేయి పాత అలవాటునకే మరలును, నేర్చిన కదలికలు కొంతవరకు నిద్రలోనే మెదడున స్థిరపడును. రాజమహేంద్రవరపు దామెర్ల రామారావు (1897–1925) అంతటి చిత్రకారుడును వర్ణచిత్రములతోపాటు చిత్తుగీతల పుస్తకములను విడిచిపోయెను.

రబ్బరును మాత్రము దాచివేయుడు. చెంబు కుదిరినపిదప మీ చెప్పులను గీయుడు. అవి మరింత కష్టము.