బొమ్మ మస్తు... కథ సుస్తు!

యానిమే ఏది చూడాలి అని అడగంగనే ఎవరో ఒకరు చెప్పే పేరు ‘స్వోర్డ్ ఆర్ట్ ఆన్‌లైన్’. బోధన్‌లో మా దోస్తుల వాట్సాప్ గ్రూప్‌లో దీని మీద పంచాయితీ ఇంకా తెగలేదు. సగం మంది ‘మస్తుంటది రా’ అంటారు. మిగిలినోళ్లు ‘14 ఎపిసోడ్లు చూసి ఆపేయ్’ అంటారు. నేను 25 ఎపిసోడ్లూ రెండుసార్లు చూశాను. ఇద్దరి మాటా నిజమే.

2012లో వచ్చిన సిరీస్ ఇది. తీసింది ఏ-1 పిక్చర్స్, దర్శకుడు తొమొహికో ఇతో. కథ జరిగేది మాత్రం 2022లో. నర్వ్‌గేర్ అనే హెల్మెట్ తలకు పెట్టుకుంటే మనిషి మొత్తంగా ఆటలోకి వెళ్లిపోతాడు. మొదటి రోజే 10,000 మంది అందులోకి దిగుతారు. కాసేపటికి చూస్తే మెనూలో లాగౌట్ బటన్ లేదు! ఆటను తయారుచేసిన కయాబా ఆకాశంలో ప్రత్యక్షమై చెప్తాడు: 100 అంతస్తులూ గెలిస్తేనే విడుదల. లోపల చస్తే బయట కూడా చస్తారు. బయటివాళ్లు హెల్మెట్ పీకినా అంతే.

ముందు బొమ్మ సంగతి చెప్పాలి. అయిన్‌క్రాడ్ అంటే గాల్లో తేలే ఉక్కు కోట, ఒకదాని మీద ఒకటి వంద లోకాలు. ఒకచోట కనుచూపు మేర పూలు, ఇంకోచోట మంచు, 22వ అంతస్తులో చెరువు దగ్గర చెక్క ఇల్లు. సాయంత్రపు ఎండ పడ్డ ఒక షాట్ దగ్గర పాజ్ కొట్టి వాల్‌పేపర్ పెట్టుకున్నా. చనిపోయిన మనిషికి నెత్తురు కారదు, గాజులా పగిలి మాయమైపోతాడు. అది అందంగా ఉంటుంది, అందుకే ఇంకా భయం. 9వ ఎపిసోడ్‌లో కిరితో రెండు కత్తులతో నీలికళ్ల రాక్షసుడి మీద పడే సీన్ మాత్రం ఇయర్‌ఫోన్స్ పెట్టుకునే చూడండి. యుకి కజియురా సంగీతానికి ఫోన్ స్క్రీన్ మీద కూడా రోమాలు లేస్తాయి.

ఇక కథ. రెండో ఎపిసోడ్‌కే నెల గడిచి 2,000 మంది పోయి ఉంటారు. మూడోదాంట్లో ఇంకొన్ని నెలలు ఎగిరిపోతాయి. సాచి అనే భయస్తురాలైన అమ్మాయి వస్తుంది. ఆమె మనకు దగ్గరయ్యేలోపే ఎపిసోడూ అయిపోతుంది, ఆమె కూడా. తర్వాత ఒకరి వెనక ఒకరు అమ్మాయిలు రావడం, కిరితో మీద మనసుపడటం, పక్కకు పోవడం. చివర్లో ‘ఎందుకు చేశావిదంతా?’ అని అడిగితే కయాబా ఏమంటాడో తెలుసా? ఎందుకో తనూ ఎప్పుడో మర్చిపోయాడట. దాదాపు 4,000 మంది చచ్చాక!

ఇట్ల ఎందుకైందో తెలిస్తే కొంచెం జాలేస్తుంది. రెకి కవహారా దీన్ని 2002లో ఒక నవలల పోటీ కోసం రాశాడు. పేజీలు హద్దు దాటేసరికి పోటీకి పంపకుండా నెట్‌లో పెట్టాడు. 2009లో పుస్తకమైంది. ఆ మొదటి నవల ఎక్కువగా నడిచేది ముగింపు దగ్గరే, 74, 75 అంతస్తుల్లో. సాచి, సిలికా, లిజ్‌బెత్... ఇవన్నీ తర్వాత చేర్చిన చిన్న కథలు. యానిమేలో వాటిని తేదీల వరసన పేర్చారు. అందుకే చెరుకుగడలో కణుపులే మిగిలి, మధ్యలో రసం లేనట్టు ఉంటుంది.

మా దిక్కు మనుషులకు ఆ మధ్యలోదే అసలు ముచ్చట. బోధన్ నిజాం షుగర్స్ 2015 డిసెంబర్‌లో మూతపడ్డది. శక్కర్‌నగర్‌లో ఎవరినైనా కదిలిస్తే తాళం పడ్డ రోజు ముచ్చట ఐదు నిమిషాల్లో ఒడుస్తది. డ్యూటీ లేని పొద్దు ఎట్ల గడిచిందన్నది గంటలు చెప్తారు. ఇక గల్ఫ్ సంగతి మా జిల్లాలో చెప్పేదేముంది! మా వాడకట్టులో ఒక అక్క రెండేళ్లుగా భర్తను స్క్రీన్ మీదే చూస్తోంది. శుక్రవారం వస్తే ముందు ఫోన్ ఛార్జింగ్ చూసుకుంటది. ఈ సిరీస్‌లో వేల మంది రెండేళ్లు ఆస్పత్రి మంచాల మీద పడి ఉంటారు. ఒక్కో మంచం పక్కన ఒక అమ్మో, ఒక భార్యో ఉండాలి కదా. హెల్మెట్ తీయొద్దు, పిలిస్తే వినపడదు. వాళ్లు ఎట్ల బతికారు? కెమెరా ఆ గదుల్లోకి దాదాపు పోదు.

అప్పుడప్పుడు ఒక మెరుపు మెరుస్తుంది. 13వ ఎపిసోడ్‌లో చెరువు గట్టున చేపలు పట్టే నిషిదా అనే పెద్దాయన ఉంటాడు. ఆట నెట్‌వర్క్ పని చూసిన కంపెనీ ఉద్యోగి. తన పని ఎట్ల వచ్చిందో చూద్దామని లోపలికొచ్చి ఇరుక్కుపోయాడు. ఆయన మీద ఒక సీజన్ తీయొచ్చు. ఒక్క ఎపిసోడ్‌తో సరిపెట్టారు.

15వ ఎపిసోడ్ నుంచి ఇంకో ఆట, రెక్కల మనుషుల లోకం. ఎదురుచూసిన వాళ్ల బాధ చెప్పడానికి ఇక్కడ మంచి అవకాశం దొరికింది. అన్న మంచం పక్కన రెండేళ్లు గడిపిన సుగుహా ఉంది కదా! ఆమెనేమో అన్న మీదే మనసు పారేసుకునేలా చేశారు. సొంత చెల్లి కాదు, పిన్ని కూతురే అని సర్దిచెప్తారు. మన వరసల్లో పిన్ని కూతురంటే చెల్లే, ఇంకో మాట లేదు! కత్తి పట్టి ముందు వరసలో నిలబడ్డ అసునాను తీస్కపోయి పంజరంలో కూర్చోబెట్టారు. ఇక్కడ మాత్రం నాకు నిజంగా కోపమొచ్చింది.

వదిలేసిన అంతస్తులు రచయితకూ గుర్తున్నట్టున్నాయి. 2012లోనే ‘ప్రోగ్రెసివ్’ పేరుతో మొదటి అంతస్తు నుంచి మళ్లీ రాయడం మొదలుపెట్టాడు. దాని మీద 2021లో వచ్చిన సినిమా అసునా వైపు నుంచి నడుస్తుంది. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు సిరీస్‌లో 14 ఎపిసోడ్లు చూసి, నేరుగా ఆ సినిమాకు పోండి. మొత్తం సినిమా మొదటి అంతస్తు మీదే. 2022లో వచ్చిన రెండోది ఐదో అంతస్తు దగ్గరుంది. ఇంకా 95 ఉన్నాయి.