గండికోటకు ఒకటే వాకిలి

షెరటన్ రౌండబౌట్ దగ్గరున్న జహ్రా గేటును మనం కారులోంచి చూస్తూనే ఉంటాం. 1920లో కువైట్ పట్టణం చుట్టూ కట్టిన మట్టిగోడకు అదొక ద్వారం. 1957లో గోడ తీసేసి ద్వారాలు మాత్రం ఉంచారు. మొన్న మా అబ్బాయి దాన్ని చూపించి, "మనకు ఇలాంటిది ఉందా నాన్నా?" అని అడిగాడు. జమ్మలమడుగు వైపు వాణ్ణి పట్టుకుని అడగవలసిన ప్రశ్నేనా అది!

ఇసుకనేల మీద ఊరికి కాపు కావాలంటే చుట్టూ గోడ కట్టక తప్పదు. గండికోటలో ఆ పని చాలావరకు పెన్నానదే చేసిపెట్టింది. ఎర్రమల కొండలను నది కోసుకుపోయిన గండి వల్లనే కోటకు ఆ పేరు.

1652 సెప్టెంబరులో అక్కడికి వెళ్ళిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే చూసింది చూసినట్టు రాశాడు. కొండను తొలిచి వేసిన దారి ఒక్కటే. వెడల్పు ఇరవై, పాతిక అడుగులు, కొన్నిచోట్ల ఏడెనిమిదే. కుడిపక్కన అగాధం, అడుగున నది. పైన చదును నేల, ఊటనీళ్ళతో వరి పండేది. అంటే ముట్టడిలోనూ తిండికీ నీళ్ళకూ కొంత ధీమా ఉన్నట్టే. ఊరు కొండకొమ్మున ఉంది. లోయలు లేనిది ఒక్క మైదానం వైపే. అక్కడ చెక్కిన రాతితో మూడు గోడలు, వాటి కింద రాతికట్టు కందకాలు, ఒకే వాకిలి. కాపలా కాయవలసింది నాలుగైదు వందల అంగల మేర మాత్రమే!

మరి అంతటి కోట పెమ్మసాని నాయకుల చేజారిందెలా? వాళ్ళకున్న ఫిరంగులు రెండే. ముట్టడించినవాడు గోల్కొండ సేనాని మీర్ జుమ్లా. మన గల్ఫుకు అవతలి ఒడ్డు ఇరాన్ నుంచి బతుకుతెరువు వెతుక్కుంటూ వెళ్ళినవాడే. (మనం ఇటు వచ్చాం, ఆయన అటు వెళ్ళాడు.) మొదట్లో కోటవాళ్ళు బయటికొచ్చి మీదపడుతుంటే ఆయన మనుషులు చాలామంది పోయారు. చివరికి యూరప్ ఫిరంగివాళ్ళకు అదనపు జీతం ఆశచూపి, నాలుగు ఫిరంగులు కొండెక్కించాడు. వాకిలి మీదున్న ఫిరంగి మూగబోయింది. వాకిలి సగం కూలాక లోపలివాళ్ళు మర్యాదగా వెళ్ళిపోయే షరతు మీద లొంగిపోయారట.

మాధవరాయస్వామి, రంగనాథస్వామి గుళ్ళు, జుమ్మా మసీదు, పెద్ద ధాన్యపు గాదె లోపల ఉన్నాయి. ఈసారి సెలవులో కడప వైపు వెళ్ళేవాళ్ళు ఒక పూట కేటాయించండి. ఎండ ముదరకముందే చేరుకోండి. గండి అంచున మాత్రం పిల్లల చెయ్యి వదలకండి.