టమాటా తోటవాళ్లూ మన గ్రూపులో ఉండాలి

చింతామణి తాలూకాలో మా ఊరి చుట్టూ మల్బరీ తోటల పక్కనే టమాటా తోటలు. మధ్యలో గట్టు ఒకటే. అటువాళ్లు మందు కొడితే గాలికి ఇటు ఆకు మీద పడుతుంది. ఆకు చూస్తే ఏ తేడా కనపడదు. మేపినాక పురుగులు తల పైకెత్తి ఆడిస్తాయి, పచ్చటి నీళ్లు కక్కుతాయి, కుంచించుకుపోతాయి. అప్పుడింక చేసేదేమీ ఉండదు.

100 గుడ్లు మేపితే సుమారు 40 వేల పురుగులు. అవి తినే ఆకులో 80 శాతం నాలుగో జ్వరం లేచినాకే తింటాయి. పెట్టుబడి అంతా పెట్టేసి, చంద్రికలు కడిగి ఎండేసుకునే టైములోనే ఈ దెబ్బ తగిలేది. మా వీధిలో రెండు పంటలు ఇట్లే పోయినాయి. పంచాయితీ కూడా అయింది. మందు కొట్టినాయన కావాలని చేసింది కాదు. మన పురుగులు ఏ జ్వరంలో ఉన్నాయో ఆయనకి ఎట్లా తెలుస్తుంది?

అందుకని వాట్సాప్ గ్రూపు పెట్టుకున్నాం. పట్టు రైతుల గ్రూపులు మనకి ముందే ఉన్నాయి, గూళ్ల ధరలు, చాకీ పురుగుల సంగతులు వాటిలో వస్తాయి. కానీ మందు కొట్టేది పట్టు రైతు కాదు కదా. ఈ గ్రూపులో సగం మంది టమాటావాళ్లే. అడ్మిన్లు ఇద్దరు, అటునుంచి ఒకరు, ఇటునుంచి ఒకరు.

మా దగ్గర ఇంట్లో మాట తెలుగు, బడిలో చదువు కన్నడం. ఈ పత్రిక చదివే మనలాంటివాళ్లు తక్కువే. అందుకే టైపు చేసేది వద్దనుకున్నాం, అంతా వాయిస్ మెసేజే. "అన్నా, రేప్పొద్దున ఆరింటికి చెరువు కింద తోటకి మందు కొడతాం" అని ముందురోజు సాయంత్రం చెప్తారు. మేము మేఘదూత్ యాప్‌లో గాలి ఏ దిక్కుకో చూసుకుని, ఆ పక్క ఆకు రాత్రికే కోసి తడి గోనెల కింద పెడతాం. తర్వాత ఆ గట్టు సాళ్లు వదిలేస్తాం. మేము కూడా "మా పురుగులు నాలుగో జ్వరం లేచినాయి" అని చెప్తాం. వీలైతే వాళ్లు ఆ వారం గట్టు పక్క మందు ఆపుతారు. దానికి బదులుగా కోలారు మార్కెట్ టమాటా ధర రోజూ మాలో ఒకరు కనుక్కొని పెడతారు. అది లేకపోయుంటే వాళ్లు గ్రూపులో ఉండేవాళ్లే కాదు, ఉన్నమాట చెప్పాలి.

మొదట్లో గుడ్ మార్నింగ్ పూల బొమ్మల్లో మందు కబురు మునిగిపోయేది. ఇప్పుడు అవి పెట్టినవాళ్లని వారం తీసేస్తాం. ఇంకో చిక్కు, తోట యజమాని గ్రూపులో ఉంటాడు, మందు కొట్టే కూలీకి ఏమీ తెలియదు, చెప్పినరోజు కాకుండా ఇంకోరోజు కొట్టేస్తాడు. కూలీ మనుషుల్ని కూడా చేర్చినాకనే గ్రూపు నిజంగా పనికొచ్చింది.

అనుమానం ఉన్న ఆకు ముందు ఓ పది పురుగులకి వేసి చూడండి. అయినా దాన్నే నమ్ముకోవద్దు. కొన్ని మందులు అప్పటికప్పుడు చంపవు, గూడు కట్టే వేళకి పురుగు దారం తీయకుండా చేస్తాయి.

ఈ నెల తూర్పు పక్క పొలం బయటూరాయన గుత్తకి తీసుకున్నాడు, క్యాప్సికం పెడతాడంట. ఆయన నంబరు ఇంకా దొరకలేదు. ఆదివారం నలుగురం కలిసి పోయి మాట్లాడతాం.